గుండెపోటు తర్వాత కుంగుబాటు: నెల్లూరు తీరం

గుండెపోటు నుంచి బయటపడి ఇల్లు చేరినవారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి వైద్యం అవసరమయ్యేంత కుంగుబాటు వస్తుంది. అంత తీవ్రం కాని దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం కూడా కలుపుకుంటే ముగ్గురిలో ఒకరు ఈ లెక్కలోకి వస్తారు. స్టెంట్ వేయించుకున్నవారికీ, బైపాస్ అయినవారికీ, గుండె బలహీనపడి ఆయాసంతో రోజులు నెట్టేవారికీ ఇది కాస్త అటూ ఇటూగా వర్తిస్తుంది. ఈ వ్యాసం ఆ సమస్యను నెల్లూరు తీరం నుంచి చూస్తుంది. కావలి వైపు తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలుకొని అల్లూరు మండలం ఇసకపల్లి, ఇందుకూరుపేట మండలం మైపాడు, తోటపల్లిగూడూరు మండలం కోడూరు మీదుగా కృష్ణపట్నం దాకా ఉన్న ఊళ్లకు సముద్రపు వేట, రొయ్యల చెరువులు, పెన్నా కాలువల కింద వరి, ఓడరేవు పని జీవనాధారం. ఇక్కడ గుండె జబ్బుకు వైద్యం ఒక మోస్తరుగా అందుతోంది. దాని వెనక వచ్చే కుంగుబాటు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. దాన్ని కనిపెట్టాల్సిన చోటు గుండె ఆసుపత్రి కాదనీ, రోగి నెలనెలా బీపీ మాత్రలకు వెళ్లే చోటేననీ, కనిపెట్టాక చేయాల్సిన పనిలో సగం ఆ మనిషిని తిరిగి పనిలో నిలబెట్టడమేననీ ఇక్కడి వాదన.

మనసు కుంగితే గుండెకు ముప్పన్న మాట పాతదే. దాన్ని లెక్కలతో నిలబెట్టింది 1993లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన. మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రాజర్-స్మిత్, ఫ్రాన్స్వా లెస్పెరాన్స్, మారియో తలాజిక్ 222 మంది గుండెపోటు రోగులను ఆసుపత్రిలో ఉండగానే ప్రశ్నించి, ఆరు నెలలపాటు గమనించారు. గుండె ఎంత దెబ్బతిన్నదన్న తేడాను లెక్కలోంచి తీసేశాక కూడా, కుంగుబాటు ఉన్నవారిలో మరణాలు లేనివారికంటే నాలుగు రెట్లకు పైగా తేలాయి. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలను కలిపి చూస్తే ఆ నిష్పత్తి రెండు, రెండున్నర రెట్ల దగ్గరికి దిగింది. అదీ చిన్నదేం కాదు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కుంగుబాటును గుండెపోటు తర్వాతి ముప్పు కారణాల్లో ఒకటిగా గుర్తించాలని సిఫారసు చేసింది. ఇందుకు శరీరంలోనూ దారులున్నాయి: కుంగిన మనిషి రక్తంలో ప్లేట్‌లెట్లు తొందరగా ఒకదానికొకటి అతుక్కుంటాయి, గుండె లయలో ఉండాల్సిన సహజమైన హెచ్చుతగ్గులు తగ్గుతాయి, ఒంట్లో వాపును సూచించే పదార్థాలు పెరుగుతాయి. వీటికన్నా మామూలుదీ, బహుశా ఎక్కువ హాని చేసేదీ మరొకటుంది. దేనిమీదా ఆశ లేని మనిషి మాత్రలు సరిగా వేసుకోడు, నడవడు, మానేసిన బీడీ మళ్లీ ముట్టిస్తాడు. స్టెంట్ వేసిన కొత్తలో క్లోపిడోగ్రెల్ నాలుగు రోజులు మానేస్తే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎందుకొచ్చిన మాత్రలు అన్న విసుగు అక్కడ ప్రాణం మీదికే తెస్తుంది.

ఇవన్నీ కెనడా, అమెరికా లెక్కలు, నెల్లూరుకు ఎలా అతుకుతాయని అడగవచ్చు. ఇక్కడ అవి మరింత బరువుగా పడతాయనడానికే ఆధారాలున్నాయి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం దక్షిణాసియావారికి తొలి గుండెపోటు 53 ఏళ్ల ప్రాంతంలో వస్తోందనీ, మిగతా దేశాలవారికి అది దాదాపు 59 అనీ చూపింది. ఆరేళ్ల తేడా పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ 53 అంటే కూతురి పెళ్లి బాకీ తీరని వయసు, కొడుకు ఇంకా కుదురుకోని వయసు, బోటు మీదో చెరువు మీదో తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టే వయసు. గుండెపోటు తర్వాత కుంగుబాటు పెద్దవారికంటే చిన్న వయసువారిలోనే ఎక్కువ; మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. ఇది పట్నపు జబ్బన్న భ్రమ కూడా చాలాకాలం కిందటే పోవాల్సింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో ఏడాదిపాటు నమోదైన 1,354 మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. దేశంలో 89 ఆసుపత్రుల నుంచి 20,468 మంది గుండె రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో తేల్చిందేమంటే, నొప్పి మొదలయ్యాక రోగి ఆసుపత్రి చేరేసరికి నడిమి లెక్కన ఆరు గంటలు పట్టింది, అంబులెన్సులో వచ్చినవారు నూటికి ఐదుగురే. 108 బండి వచ్చాక రవాణా మారింది. ఆలస్యమైనకొద్దీ గుండె కండరం ఎక్కువ దెబ్బతింటుందన్నది మారలేదు. అలా దెబ్బతిన్న గుండెతో ఇంటికి వచ్చిన మనిషికి ఆయాసం మిగులుతుంది, ఆయాసంతోపాటు దిగులూ మిగులుతుంది.

డిశ్చార్జి కాగితం చేతిలోకి తీసుకుని చూస్తే అసలు లోటు కనపడుతుంది. పైన ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో జబ్బు పేరు, ఏ రక్తనాళంలో ఎంత శాతం అడ్డు, ఎన్ని మిల్లీమీటర్ల స్టెంట్. కింద ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్, వాటి పక్కన 1-0-1, 0-0-1 అంకెలు. చివర ఉప్పు, కొవ్వు తగ్గించమని ఒక ముక్క, రెండు వారాల తర్వాత రమ్మని ఒక తేదీ. మళ్లీ వల ఎప్పుడు లాగవచ్చు, రాత్రిపూట చెరువు గట్టున కాపలా ఉండవచ్చా, భార్యాభర్తలు ఎప్పటినుంచి కలవవచ్చు, ఊరికే ఏడుపొస్తుంటే ఎవరితో చెప్పాలి, ఇవేవీ అందులో ఉండవు. దీనికి గుండె డాక్టరును తప్పుపట్టి లాభం లేదు. స్టెంట్ వేసిన మనిషి ఆసుపత్రిలో ఉండేది మూడు నాలుగు రోజులు. అప్పుడు అందరిలోనూ బతికి బయటపడ్డామన్న ఊరట ఉంటుంది, చుట్టూ బంధువులుంటారు. కుంగుబాటు చాలామందిలో ఆ తర్వాతి వారాల్లో, చూడవచ్చేవాళ్లు తగ్గి ఇల్లు మామూలయ్యాక తల ఎత్తుతుంది. అప్పటికి ఆసుపత్రి నెల్లూరులోనో, తిరుపతి స్విమ్స్‌లోనో, 175 కిలోమీటర్ల అవతల చెన్నైలోనో ఉంటుంది. రోగి అక్కడికి వెళ్లేది ఎప్పుడో ఒకసారి. వెళ్లినా ఈసీజీ, ఎకో చూసి మాత్రలు కొనసాగించమనే సమయమే అక్కడుంటుంది. ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి మాత్రం బీపీకో, షుగరుకో నెలకోసారి వెళ్తూనే ఉంటాడు, లేదా ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలే ఇంటికి వస్తారు. జబ్బు ముదిరే కాలంలో రోగి ఎవరి కళ్లముందు ఉంటాడో వాళ్లకే దాన్ని కనిపెట్టే పని అప్పగించడం సబబు.

అంత పెద్ద గండం గడిచాక దిగులు పడటం సహజమే, దాన్నీ జబ్బు చేయాలా అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైనదే. తొలి రెండు మూడు వారాల భయం, చిన్న మాటకే కళ్లనీళ్లు, ఛాతీలో ఎక్కడ చురుక్కుమన్నా ఉలిక్కిపడటం చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. వాటికి మందు అక్కర్లేదు. తేడా పట్టుకోవడానికి ప్రపంచమంతటా వాడుతున్న కొలత సులువైనది. గడిచిన రెండు వారాల్లో చాలా రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా అన్నవి మొదటి రెండు ప్రశ్నలు. వాటికి అవుననే జవాబొస్తే మరో ఏడు ప్రశ్నలుంటాయి. మొత్తం 27 మార్కుల్లో పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలి. గుండె రోగి విషయంలో ఇక్కడొక చిక్కుంది. నీరసం, నిద్రలేమి, ఆకలి తగ్గడం గుండె జబ్బు వల్లా రావచ్చు, మాత్రల వల్లా రావచ్చు. అందుకే ఇలాంటివారిలో ఒంటి లక్షణాలకన్నా ఆ మొదటి రెండు ప్రశ్నలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఒంట్లో ఓపిక లేక బోటెక్కని మనిషి వేరు. ఒడ్డుకొచ్చిన బోట్లలో ఏం పడిందో అడగాలని కూడా అనిపించని మనిషి వేరు.

ఇదంతా ఆ గుండె మాత్రల మహిమే, మానేస్తే సరిపోతుందన్న మాట పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లల్లోనూ వినపడుతుంది. బీటా బ్లాకర్లు, అంటే మెటోప్రొలాల్ లాంటివి, కుంగుబాటు తెస్తాయని ఒకప్పుడు వైద్యులే నమ్మారు. 2021లో 285 పరీక్షలను, 53 వేలకు పైగా రోగులను కలిపి చూసిన ఒక సమీక్షలో ఆ సంబంధం కనపడలేదు. వింత కలలు, నిద్ర చెడటం మాత్రం కొందరిలో కనిపించాయి. కలలు ఇబ్బంది పెడుతుంటే డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోవచ్చు. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం.

బలమైన అభ్యంతరం వేరే ఉంది: కుంగుబాటుకు వైద్యం చేస్తే గుండె రోగి ఆయుష్షు నిజంగా పెరుగుతుందా? దీన్ని తేల్చడానికే అమెరికాలో ఎన్‌రిచ్‌డ్ అన్న పెద్ద పరీక్ష జరిగింది. గుండెపోటు తర్వాత కుంగుబాటుతోనో, అయినవాళ్ల తోడు లేకుండానో ఉన్న 2,481 మందిలో సగం మందికి ఆలోచనా సరళిని సరిదిద్దే మాటల చికిత్స, అవసరమైనవారికి మందులు ఇచ్చారు. 2003లో ఫలితాలు వచ్చాయి: దిగులు కొంత తగ్గింది, మరణాలూ మళ్లీ గుండెపోట్లూ తగ్గలేదు. ఆ నిరాశ ఈ రంగాన్ని చాలాకాలం వెంటాడింది. 2018లో దక్షిణ కొరియా నుంచి వేరే కబురొచ్చింది. కుంగుబాటు ఉన్న 300 మంది గుండె రోగులకు 24 వారాలపాటు కుంగుబాటు మందైన ఎసిటాలోప్రామ్ మాత్రనో, మందు లేని ఉత్త మాత్రనో ఇచ్చి, ఆపైన నడిమి లెక్కన ఎనిమిదేళ్లు గమనిస్తే, మరణం, మళ్లీ గుండెపోటు, మళ్లీ స్టెంట్ వీటిలో ఏదో ఒకటి మందు తీసుకున్నవారిలో 40.9 శాతానికీ, తీసుకోనివారిలో 53.6 శాతానికీ ఎదురైంది. ఒకే కేంద్రంలో జరిగిన చిన్న పరీక్ష కాబట్టి దానిమీదే భారమంతా వేయడం తొందరపాటవుతుంది. ఆయుష్షు మాట ఇంకా తేలలేదనడమే నిజాయతీ. అయితే ఆ ప్రశ్నే కొంత పెడదారిది. కాలు విరిగినవాడి నొప్పికి మందిచ్చేటప్పుడు అది ఆయుష్షు పెంచుతుందా అని ఎవరూ అడగరు. కుంగుబాటు దానికదే బాధ, దానికదే జబ్బు. తగ్గే జబ్బు కూడా. గుండె రోగికి ఆ మందు హాని చేయకపోతే చాలు. 2002లో 369 మంది మీద జరిగిన సాడ్‌హార్ట్ పరీక్ష సెర్ట్రలిన్ అనే కుంగుబాటు మందు విషయంలో ఆ భరోసా ఇచ్చింది. జాగ్రత్తలు లేకపోలేదు. ఈ తరగతి మందులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది, అందుకే మలం నల్లగా వస్తే వెంటనే చెప్పాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాతరకం చవక మాత్రలు గుండెపోటు కొత్తలో మంచివి కావు. ఇక నిద్ర పట్టడం లేదనగానే మందుల షాపులో ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ కుంగుబాటుకు మందే కాదు, దానికి అలవాటు పడితే మరో బాధ. అలవాటవుతాయని భయపడి అసలు మందులు మానేసి, అలవాటయ్యే మాత్రనే ఏళ్ల తరబడి వాడేవారు తక్కువేం కాదు.

కనిపెట్టడం ఒక్కటే చాలదన్న సంగతీ రుజువైంది. అమెరికాలో 1,500 మంది గుండె రోగులతో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, ప్రశ్నలడిగి ఫలితం డాక్టరుకు చెప్పడం వల్ల మాత్రమే రోగుల జీవితంలో ఏ మెరుగూ కనిపించలేదు. ఆ తర్వాత చేయి పట్టుకుని నడిపించేవారు లేకపోతే ప్రశ్నాపత్రం ఇంకో కాగితమే.

చేయి పట్టుకుని ఎక్కడికి నడిపించాలన్న దానికి ఈ తీరంలో జవాబు పని. వేట మనిషికి పని పోవడమంటే కూలి పోవడమొక్కటే కాదు, పొద్దున లేచాక ఎవరితో ఉండాలో అదీ పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఊళ్లో మగవాళ్లలో చాలామంది ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటారు. గుండెపోటు వచ్చిన మనిషి ఖాళీగా కూర్చోవడం ఎవరికీ పట్టదు. జూన్ 15న బోట్లు దిగాకే అతని ఖాళీ అతనికి తెలుస్తుంది. రొయ్యల రైతు కథ వేరు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, జనరేటర్ వేసేలోగా తెల్లారేసరికి చెరువు పోవచ్చు. వనామి రకం రొయ్య వచ్చాక పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తోంది గానీ ఆ నెలల్లో నిద్ర ఉండదు. దానికి తోడు ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి చెరువు గట్ల దాకా వచ్చింది. ఇలాంటివారికి విశ్రాంతి తీసుకోండి, టెన్షన్ పడకండి అన్న సలహా మంచిమాటే గానీ పనికొచ్చే మాట కాదు. ఏ పని, ఎప్పటినుంచి, ఎంతన్నది చెప్పాలి. బైపాస్ అయినవారు ఛాతీ ఎముక గట్టిపడేదాకా, సుమారు మూడు నెలలు, బరువులు ఎత్తకూడదు, వల లాగకూడదు. కానీ వల అల్లవచ్చు, ఒడ్డున వేలంపాట దగ్గర లెక్క చూసుకోవచ్చు, పొద్దున రొయ్యల చెరువు చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూడవచ్చు. చేపలమ్మే ఆడమనిషికి తల మీద గంప వద్దనాలే గానీ బజారు వద్దనకూడదు. ఈ వాదనకు మన దేశంలోనే ఆధారముంది. 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగిన యోగా-కేర్ పరీక్షలో మూడు నెలల్లో 13 తరగతులు నేర్పారు. మరణాల్లో, మళ్లీ గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తన ఆరోగ్యం బాగుందని రోగి స్వయంగా చెప్పడంలోనూ, గుండెపోటుకు ముందు చేసే పనులు మళ్లీ మొదలుపెట్టడంలోనూ తేడా వచ్చింది. నా దృష్టిలో అది ఓటమి కాదు, రోగులు నిజంగా కోరుకునేది అదే. తిండి విషయంలోనూ అనవసరపు నిషేధాలు దిగులును పెంచుతాయి. నెల్లూరు మనిషిని చేపల పులుసు మానేయమనడానికి వైద్యశాస్త్రంలో కారణమేదీ లేదు. తగ్గించాల్సింది అందులో ఉప్పు, నూనె, మానాల్సింది ఉప్పు పట్టించిన ఎండు చేప.

అసలు బాధ డబ్బుదైతే మనసుకు మందేమిటన్న ప్రశ్నను తోసిపుచ్చడానికి లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్ ఖర్చు భరించింది, ఇంటి ఖర్చు భరించలేదు. ఆ సంగతి గుర్తించే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇచ్చే పథకం పెట్టారు. పోయిన కూలిని వైద్యంలో భాగంగా లెక్కేయడం మంచి ఆలోచన. పథకాల పేర్లు మారినా ఆ సూత్రం నిలవాలి. అయినా అప్పు కుంగుబాటుకు కారణం కావచ్చు గానీ, వచ్చిన కుంగుబాటు అప్పుతోపాటే పోదు. పైగా అప్పు తీర్చే దారి వెతికే శక్తినే అది ముందు తినేస్తుంది. ఈ బాధను సారాతో మాన్పుకునేవారూ ఉన్నారు. నిద్ర కోసం మొదలై, గుండె లయ తప్పడం దాకా పోతుంది.

డాక్టర్లే చాలని చోట ఇదంతా ఎవరు చేస్తారన్నది ఆచరణలో వచ్చే ప్రశ్న. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సామాన్య మానసిక రుగ్మతలున్నవారిలో 85 శాతం మందికి వైద్యమే అందలేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేనే లేదు. కానీ దారి చూపిన పని మన రాష్ట్రంలోనే జరిగింది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ట్యాబ్ ఇచ్చి, కుంగుబాటు ప్రశ్నలు అడగడం నేర్పి, ఎక్కువ మార్కులు వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపించి, తర్వాత వైద్యం సాగుతోందో లేదో చూసే పద్ధతి పెట్టారు. హర్యానాతో కలిపి చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. కుంగుబాటు మార్కులు తగ్గాయి, కొద్దిగానే అయినా తగ్గాయి. ఇక్కడ అడిగి వదిలేయలేదు, వెంట ఉన్నారు. ఆశా కార్యకర్తల నెత్తిన ఇప్పటికే బోలెడు పనులున్న మాట నిజం, అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాల్సిందే. అయితే నెల్లూరు తీరంలో ఊరంతటినీ అడగనక్కర్లేదు. గుండెపోటు, స్టెంట్, బైపాస్ అయినవారి పేర్లు చాలావరకు ప్రభుత్వ వైద్య పథకం జాబితాలోనే ఉంటాయి, ఊరికి కొద్దిమందే ఉంటారు. డిశ్చార్జి అయిన నెలకోసారి, మూడు నెలలకోసారి రెండు ప్రశ్నలడగడం మోయలేని బరువు కాదు.

మనసు సంగతి మనవాళ్లు బయటికి చెప్పుకోరన్న అభ్యంతరం మిగిలింది. మగవాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. అడిగే పద్ధతిని బట్టి మారేదే కూడా. దిగులుగా ఉందా అంటే లేదంటారు, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడాలనిపిస్తోందా అంటే చెబుతారు. ఆడవాళ్ల విషయంలో ఈ జిల్లా చరిత్రే వేరే చెబుతుంది: 1990ల మొదట్లో దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటే సారా వ్యతిరేక ఉద్యమమైంది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారి తీసింది, పొదుపు సంఘాలూ ఆ రోజుల్లోనే ఇక్కడ వేళ్లూనాయి. ఇంటి గొడవను నలుగురిలో పెట్టడం చేతకాని జిల్లా కాదిది. వైద్యం కావాల్సినవారికి నెల్లూరులో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం బీమా కంపెనీలు మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుతో సమానంగా బీమా వర్తింపజేయాలంటోంది. ఇంట్లోవాళ్లు ఆగకూడని సందర్భం ఒక్కటే ఉంది: నేను పోతేనే మీకు మేలన్న మాట రోగి నోట వచ్చినా, పురుగుమందు, మాత్రల వైపు చూపు పోయినా, మార్కుల లెక్క కోసం చూడకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు, గుండె మాత్రల డబ్బా కూడా ఇంట్లో ఇంకొకరి చేతిలోనే ఉండాలి.